నాలుగో చిమ్నీ

సముద్రం లేని ఊరికి ఓడ ఎందుకని నన్ను అడగనోడు బోధన్‌ల లేడు. అందరికీ ఒకటే జవాబు చెప్పిన. మంచుకొండ లేని ఊర్ల పోయినేడు కైలాసం సెట్టు వేసిండ్రు గదా, అప్పుడు మీ నోర్లు యాడ పోయినయి? నా నోరు మంచిది కాదని గల్లీ అంత ఎరుకే. వెల్డింగ్ దుకాణం పెట్టుకున్న ఆడిది మెత్తగ మాట్లాడితె దుకాణం నడవది.

మా గల్లీ గణేశ్ మండలోళ్లకు ఈసారి ఓడలెక్క మండపం కావాలన్న బుద్ధి పుట్టింది. మండలి ప్రెసిడెంటుకు ఎరువుల దుకాణమున్నది. నాకన్న పదేండ్లు చిన్నోడు, అక్కా అని పిలుస్తడు. థర్మకోల్ పనోన్ని మాట్లాడబోతుంటె నేనే అడ్డంబడ్డ.

"థర్మకోల్ వద్దు తమ్మి. ఇనుప రేకుతోని నేను కడ్త. కడితె అసలు ఓడ ఎట్లుంటదో గట్లనే కడ్త," అన్న.

అట్ల ఎందుకన్ననో తెల్వాలంటె మా బాపు సంగతి చెప్పాలె. బాపు ఈడి చక్కెర కార్ఖానల రివిట్లు కొట్టే పని చేసిండు. బాయిలర్లకు, ట్యాంకులకు రేకు మీద రేకు జోడించి, ఎర్రగ కాలిన రివిటును బొక్కల పెట్టి సుత్తెతోని అణగ్గొట్టే పని. ఏండ్లకేండ్లు ఆ చప్పుడు విని విని చెవులు పోయినయి. ఇప్పుడు పక్కన నిలబడి మొత్తుకున్నా ఆయనకు సగమే అందుతది. మిగిలింది నేను సుద్దముక్కతోని రాసి చూపిస్త.

కార్ఖానల పనిచేసిన ఒక ఇంజినీరు సాబ్ ఊరిడిచి పోయేటప్పుడు బాపుకు ఒక పుస్తకమిచ్చిండు. ఇంగ్లీషుది, అట్ట ఊడిపోయింది. విమానాలు రాకముందు జనం సముద్రం దాటనీకి ఎక్కిన పెద్ద పెద్ద ఓడల పుస్తకం. బాపుకు ఇంగ్లీషు రాదు. నేను బడిల నేర్చుకున్న ముక్కలతోని కూడబలుక్కొని చదివి చెప్పేదాన్ని. ముందు ఓడకు వెన్నెముక లెక్క ఒక పొడుగు దూలం పరుస్తరు. దానికి పక్కటెముకలు నిలబెడ్తరు. వాటి మీద రేకులు, రేకులకు లక్షల రివిట్లు. ఒకడు రివిటు కాలుస్తడు, ఒకడు దాన్ని బొక్కల పెట్టి వెనుకనుంచి ఆపుతడు, ఇద్దరు వంతులేసుకొని కొడ్తరు. అది వినంగనే బాపు తొడ మీద చరుచుకున్నడు. "మేము గూడ గట్లనే గదనే బిడ్డా," అన్నడు. ఆ మురిపెం నాకింకా యాదికున్నది.

అందుల ఒక బొమ్మ, ఓడను పైనుంచి కిందికి కోసినట్టు గీసింది. పైన అద్దాల గుమ్మటం, వెడల్పాటి మెట్లు, మఖ్మల్ కుర్చీలు, పాటలు, విందులు. దాని కింద నడిమి తరగతోళ్లు. ఇంకా కింద ఒక్కో గదిల ఇంతమంది బీదోళ్లు. అందరికన్న అడుగున, అంగీలు లేకుండ బొగ్గు ఎత్తిపోసేటోళ్లు. బాపు అడుగున వేలు పెట్టిండు. "మనోళ్లు గీడున్నరు," అన్నడు.

కార్ఖాన బంద్ పడ్డంక ఆ పుస్తకం సందుగలకు పోయింది. బాపు మల్ల సుత్తె ముట్టలే. కార్ఖాన రోడ్డు మీదికెళ్లి గూడ పోడు, దవాఖానకు పోవాలన్నా సుట్టు తిరిగి పోతడు. అట్ల ఎన్నేండ్లయిందో.

ఏటా చెరుకు గానుగ షురూ చేసే ముందు కార్ఖానల ఒక రివాజుండె. బాపు బాయిలర్ కాడికి పోయి, రివిటుకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క సుత్తెతోని సన్నగ తట్టేటోడు. రివిటు వదులైతె వేలికి వణుకు తెలుస్తది. అన్నీ చూసి "పాస్" అన్నంకనే కొబ్బరికాయ కొట్టేది, పొయ్యి రాజేసేది. సాబులు గూడ ఆ మాట కోసం చేతులు కట్టుకొని నిలబడేటోళ్లు. నా చిన్నప్పుడు నాకు బాపును మించిన అధికారి లేడు. నాకు కావాల్సింది గా ఒక్క మాట. నా ఓడ మీద బాపు సుత్తె పడాలె, పాస్ అనాలె. అందుకే వెల్డింగ్‌తోని ఒక్క దినంల అయ్యే ముందుభాగాన్ని పది దినాలు కూసొని రివిట్లతోని జోడించిన. నా దగ్గర పనిచేసే ఇద్దరు నన్ను తిట్టుకున్నరు. తిట్టుకోనీ.

పంచాయితి చిమ్నీల కాడ వచ్చింది. నాలుగు చిమ్నీలు నిలబెట్టి, మూడింటికే సాంబ్రాణి పొగ పెట్టిన. ప్రెసిడెంటు చూసి మొఖం మాడ్చుకున్నడు.

"నాలుగోదానికి పొగ ఏది అక్కా?"

"దానికి రాదు తమ్మి. ఆ కాలం ఓడలల్ల గూడ రాకపోయేది. మూడే పొగవి. నాలుగోది కొంత అందానికి, కొంత లోపలి వేడిగాలి బయటికి పోనీకి."

"అదంత మనకెందుకు? బోధన్‌ల పొగ రాని చిమ్నీ అంటె ఏంది అర్థం? చవితి నాడు గది చూపెడ్తవా జనాలకు?"

వాడన్నదాంట్ల తప్పేం లేదు. గానుగ నడిచే దినాలల్ల మా అవ్వ దండెం మీది బట్టల మీద నల్లటి మసి పడుతుంటె దులుపుకుంట తిట్టేది. ఆ మసి పడుడు ఆగినంక ఇంట్ల కూరగాయలు గూడ తక్కువైనయి. ఈ ఊరోళ్లకు పొగ అంటె అన్నం. అయినా నేను వినలే. ఓడ లోపల గణపతి కూసుంటడు, పంతులు కూసుంటడు, దర్శనానికి ఆడోళ్లు, పిల్లలు నిలబడ్తరు. సుట్టూ ఇనుప రేకు, పైన ఎండ. నాలుగో చిమ్నీల ఫ్యాను పెట్టి ఉక్కను బయటికి గుంజేటట్టు చేసిన. ఓడ కట్టినోళ్లు ఏది చేసిండ్రో నేను గదే చేసిన.

ఇంటికి పోయి బాపుకు సుద్దతోని రాసిన, ఓడ తయారైంది, వచ్చి పాస్ చెప్పు అని. నాలుగో చిమ్నీ సంగతి ఆయనకు అప్పటికే ఎవరో చేరేసిండ్రు.

"పొగ లేని చిమ్నీని సూడనీకి గాడిదాక రావాల్నా? ఊర్ల ఉన్నది సాలదా?" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

ఎవరి కోసం పది దినాలు చేతులు కాల్చుకున్న? ఒక్క సాంబ్రాణి కుండ పెడితె ప్రెసిడెంటు ఖుష్, బాపు ఖుష్. పెట్టలే. అబద్ధం ఓడకు పాస్ చెప్పించుకుంటె అదేం పాస్?

చవితి నాడు పొద్దుగాల గణపతిని కూసోబెట్టినంక, తానం చేసి వద్దామని ఇంటికి పోయిన. బాపు తెల్ల ధోతి కట్టుకొని నా యెంట వచ్చిండు. నా ఓడ కోసం కాదు, గణపతికి దండం పెట్టుకోనీకి అని ముందే చెప్పిండు. మలుపు తిరిగేసరికి నాలుగు చిమ్నీలకెళ్లి పొగ. నేను లేని అర్ధగంటల ప్రెసిడెంటు ఎలక్ట్రీషన్‌ను ఎక్కించి, ఫ్యాను ఊడదీయించి, ఆ గొట్టంల సాంబ్రాణి కుండ పెట్టిచ్చిండు. మిగిలిన మూడింటి కింద నేను రేకు అడ్డం పెట్టిన, పొగ లోపలికి దిగకుండ. నాలుగోదానికి అడ్డం లేదు, అది నేరుగ పంతులు నెత్తి మీదికి తెరిచుంటది. గుడ్డి పని చేసిండ్రు.

ఓడలకెళ్లి ఆడోళ్లు కొంగులు ముక్కుకు పెట్టుకొని బయటికి ఉరుకుతున్నరు. పంతులు దగ్గుకుంట మంత్రం చదువుతున్నడు. నేను నోరు తెరిచేలోపే బాపు లోపలికి పోయిండు. బాయిలర్ల కడుపులల్లకు దిగి పనిచేసిన మనిషి. గాలి యాడ ఆగిందో తెలుసుకోనీకి ఆయనకు చెవులతోని పనిలేదు. తలెత్తి గొట్టం దిక్కు చూసిండు.

"గా కుండ తీయుండ్రి," అని గట్టిగ ఒర్రిండు.

నేనే ఎక్కి కుండ తీసిన, ఫ్యాను బిగించిన. బాపు రుమాలు కొస గొట్టం కింద పట్టుకున్నడు. అది పైకి లేచింది. నేను దిగి, రేకు మీద సుద్దతోని రాసిన. "పుస్తకంల ఓడకు గూడ గిదే."

"అడుగున ఉన్నోళ్లకా?" అన్నడు.

తల ఊపిన. బాపు ప్రెసిడెంటు దిక్కు తిరిగిండు. చెవులు లేనోళ్ల మాట ఊరంత వినబడ్తది.

"దీన్ల పొగ వెడ్తె కిందున్నోళ్లు సస్తరు కొడుకా. పొగ రాకున్నా గిది పనిజేస్తున్నది."

ప్రెసిడెంటు తల గోక్కున్నడు. బాపు నా దిక్కు చెయ్యి సాపిండు. సుత్తె ఇచ్చిన. ముందుభాగం రివిట్లన్నీ, వేలు ఆనించుకుంట, తట్టుకుంట పోయిండు. రెండింటి కాడ ఆగి నన్ను గుర్రుగ చూసిండు. సుద్దతోని గుర్తు పెట్టిండు. ఆఖరుకు "రెండు వదులున్నయి. అయినా పాస్," అన్నడు. నాకు ఏడుపొచ్చింది. కండ్లల్ల సాంబ్రాణి పడ్డదని అందరికీ చెప్పిన.

తిరిగి ఇంటికి పోయేటప్పుడు, బాపుకు కాళ్లు గుంజుతున్నయని ఆటో ఎక్కినం. బాపు ఆటోయన భుజం తట్టి కార్ఖాన రోడ్డు దిక్కు చెయ్యి చూపిండు. గేటు కాడ ఆపిచ్చి దిగిండు. లోపల చిమ్నీ గట్లనే నిలబడి ఉన్నది. దాన్ని కొద్దిసేపు చూసి, గేటుకు కొట్టిన రివిటు మీద వేలు ఆనించి, చేతులనే ఉన్న నా సుత్తెతోని తట్టిండు. ఒకటి, దాని పక్కది, దాని కిందిది.

వాచ్‌మన్ కుర్చీలకెళ్లి లేచి వచ్చిండు. కొత్తోడు, చిన్న వయసోడు.

"ఎవరు తాతా? ఏం గావాలె?"

పెదవులు చూసి బాపు సమజ్ చేసుకున్నడు. "నేను గీడ పనిజేస్త," అన్నడు, మల్ల గేటు దిక్కు తిరిగి ఇంకో రివిటు తట్టుకుంట.

"కార్ఖాన బందయింది గదా తాతా," అన్నడు వాచ్‌మన్.

బాపుకు వినబడలే. సుద్దముక్క నా జేబులనే ఉన్నది. తీయలే.