ముందే కాల్చే చెయ్యి

ఆ అమ్మాయికి పిడుగు అని పేరు పెట్టింది బాబాయి. ఆయనకు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. గిరాకీ లేనప్పుడు వెనక గదిలో అన్న కూతురితో కంప్యూటర్ల మీద తుపాకుల ఆట ఆడేవాడు. ఆ గదిలో నెట్ నత్తకు మేనత్త. మౌస్ నొక్కిన కాసేపటికి గానీ తెరమీద తూటా పేలదు. అందుకని, శత్రువు కనబడ్డాక కాదు, రాబోతున్నాడని తోచగానే నొక్కెయ్యమని కిటుకు నేర్పాడు. పిల్ల ఆ విద్యను ఔపోసన పట్టి, ఆయనకే మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

అంత చచ్చు నెట్‌తోనే ఇలా ఆడితే మంచి నెట్ ఇస్తే ఇంకేం చేస్తుందోనని విదేశపు టీమ్ ఒకటి ఆశపడి పిలిచింది. చదువు అటకెక్కిస్తావా అని వాళ్ళమ్మ ససేమిరా అంది. మరిది బతిమాలగా బతిమాలగా, నెలాఖరుకల్లా టీమ్‌లో చోటు రాకపోతే తిరిగొచ్చి కాలేజీలో చేరాలన్న షరతు మీద ఒప్పుకుంది.

టీమ్ వాళ్ళ గదిలో పరదాలు దించి ఉంటాయి. వైర్లన్నీ నేలకు టేపుతో అంటించి, ఎవరి హెడ్‌ఫోన్ వాళ్ళ కుర్చీకి తగిలించి ఉంటుంది. అక్కడ నొక్కగానే తూటా పేలుతుంది. తీరా చూస్తే మన పిడుగు తూటాలన్నీ శత్రువు రాకముందే వెళ్ళి గోడకు తగిలాయి. ఆ చప్పుడుకు వాడు జాగ్రత్తపడి, వెనక నుంచి వచ్చి టీమ్ మొత్తాన్నీ చంపిపోయాడు. రోజూ ఇదే తంతు. తోటి ఆటగాళ్ళు ఆటలో ఏ మూల కాపలా ఆమెకు అప్పగించడం మానేశారు.

కోచ్ నెమ్మదైన మనిషి. ప్రాక్టీసులో కావాలంటే నెట్ నిదానం చేయిస్తానంది. పోటీలో ఎలాగూ కుదరదని తెలిసినా, పిల్ల ముఖం చూడలేక అన్న మాట అది.

"వద్దు మేడమ్. నా చెయ్యే మార్చుకుంటా," అంది పిడుగు.

మార్చుకోవడం అంటే నోటితో అన్నంత తేలికా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, శత్రువు వచ్చి పోతుంటే ఊరికే చూస్తూ కూర్చునేది. వేలు గుంజేది, తన మీద తనకే ఒళ్ళు మండేది. అయినా లేవలేదు. మొండితనంలో అచ్చం వాళ్ళమ్మే.

నెలాఖరు పోటీలో చివరికి తనొక్కతే మిగిలింది. ఎదుటివాడు ఎరగా తలుపు చాటునుంచి భుజం చూపించాడు. పాత చెయ్యయితే పేల్చేసేదే. ఆగింది. వాడు ధీమాగా బయటికొచ్చాక కొట్టింది. టీమ్‌లో కుర్చీ ఆమెదైంది.

సంతోషం పట్టలేక బాబాయికి ఫోన్ చేసింది. ఆయన కొట్టు తలుపు దగ్గరికి లాగి, తన కంప్యూటర్ మీదే ఆట పెట్టి అక్కణ్ణుంచే ఆటలోకి రమ్మన్నాడు. మళ్ళీ అదే నత్త నెట్. శత్రువు కనబడ్డాక నొక్కింది, తూటా పేలేలోపు చచ్చింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ బాబాయి చేతిలో ఓడింది.

"నా చెయ్యి పోయింది బాబాయ్. ఇక నీతో ఆడలేను," అంది. దుఃఖం ముంచుకొచ్చింది.

బాబాయి అవతల ఆట ఆపేశాడు.

"నిన్నొక్కసారి ఓడిస్తే చాలనుకునేవాణ్ణే పిల్లా. ఇలా గెలుస్తాననుకోలేదు. సరే పో, అక్కడ నీకోసం చూస్తుంటారు."

ముక్కు చీదుకుని, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.