బోర్డు మీది కార్బిన్

మా హోటలు కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల కాలేజీవాళ్ళ పెద్ద బోర్డు కనిపిస్తుంది. దాని మీద మా అన్న కొడుకు కార్బిన్ టాకెట్ పుస్తకాలు పట్టుకుని నవ్వుతుంటాడు. కింద 'నీ దారి ఇక్కడే మొదలు' అని రాసి ఉంటుంది. ఆ బోర్డుకి కూతవేటు దూరంలో, టైర్ల కొట్టులో, అసలు కార్బిన్ లారీ చక్రాలు విప్పుతుంటాడు. కాఫీకి మా హోటలుకొచ్చేటప్పుడు చుట్టూ తిరిగి వెనక సందులోంచి వస్తాడు. ఆ బోర్డు కింద నడవడు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆ ఫొటో అబద్ధం కాదని చెప్పగలను. ఆ రోజు వాడు నిజంగానే నవ్వాడు. కాలేజీలో చేరి నెల కూడా కాలేదు. బొగ్గు గనులున్న మా కేనీ లోయలోంచి, మా ఇంటిపేరుతో, ఆ కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు వాడే. వాళ్ళకి కావలసిందీ అలాంటి మొహమే. ఎవరో ఆవిడ వచ్చి, మీ ఇంట్లో కాలేజీకొచ్చిన మొదటివాడివి నువ్వేనా అని అడిగి, చొక్కా మార్పించి, గడ్డిలో నిలబెట్టి నవ్వమందట. వీడు నవ్వాడు. పంపించిన మేమూ నవ్వాం.

రెండో ఏడు చలికాలంలో మా పొరుగు ఎస్టిల్ స్లోన్ పోయాడు. మా లోయలో గొయ్యి మన చేతులే తవ్వాలి. యంత్రంతో తవ్విస్తే పోయినవాణ్ణి బయటికి గెంటినట్టే చూస్తాం. ఎస్టిల్ కార్బిన్‌కి చుట్టమేమీ కాదు. గనిలో ఊపిరితిత్తులు పాడై మా అన్న మంచాన పడ్డప్పుడు, ఈ పిల్లవాణ్ణి రోజూ తన బండిలో బడికి దింపి తెచ్చినవాడు. అందుకని కబురు వినగానే కార్బిన్ వచ్చేశాడు. నేల రాయిలా బిగిసింది, గునపం దిగదు. అక్కడ వీడు తవ్వుతున్న వేళకే కాలేజీలో లెక్కల పరీక్ష.

పరీక్ష మళ్ళీ పెట్టాలంటే పోయినవాళ్ళు తల్లో తండ్రో తోబుట్టువో సొంత తాతో అయి ఉండాలట. పొరుగువాడు పోతే వాళ్ళ దృష్టిలో ఎవరూ పోనట్టే. వీడు అడగనైనా అడగలేదు. శవాన్ని చూపించి మార్కులు అడుక్కోవడమేమిటనుకున్నాడు. అది మా ఇంటి పొగరు. నేనైతే దాన్ని తప్పనను. ఆ పరీక్షతో లెక్కలు పోయాయి, వాటి వెనకే స్కాలర్‌షిప్ పోయింది, ఎండలు ముదిరేసరికి వీడు టైర్ల కొట్టులో తేలాడు. కలిగినవాళ్ళ పిల్లవాడైతే తండ్రి ఒక్క ఫోను చేసి అంతా చక్కబెట్టేవాడు. వీడి తండ్రికి ఊపిరి తీసుకోవడమే పెద్ద పని.

ఫొటో బోర్డెక్కింది సరిగ్గా ఆ వేసవిలోనే. దించమని కాలేజీకి ఫోన్ చెయ్యరా అన్నాను.

"ఏమని చెప్పను అత్తా? ఆ నవ్వేవాడు నేను కాననా?" అన్నాడు.

లోయలో చాలామంది వాడు చదువు పూర్తిచేశాడనీ, ఉద్యోగం దొరక్క చక్రాలు విప్పుతున్నాడనీ అనుకునేవారు. వాడు అవుననలేదు, కాదనలేదు. అలా ఏళ్ళు గడిచాయి.

ఆ అనుకున్నవాళ్ళలో ఎస్టిల్ మనవరాలు రేలిన్ ఒకతె. బడి బస్సులోంచి ఆ బోర్డు చూస్తూ పెరిగిన పిల్ల. కాలేజీలో సీటొచ్చిన రోజున మా హోటలుకొచ్చి, బోర్డు మీద కార్బిన్ అన్నయ్యని చూసే నాకూ ధైర్యం వచ్చిందని అందరి ముందూ చెప్పింది. కార్బిన్ మొక్కజొన్న రొట్టె సగం తిని, మిగతాది పళ్ళెంలోనే వదిలేసి లేచిపోయాడు.

మర్నాడు వాడి మీద పడ్డాను. కళ్ళు మూసుకుని ఆ పిల్ల నువ్వు పడ్డ గోతిలోకే పోతోంది, జరిగింది చెప్పమన్నాను.

"చదువు ఎందుకు పోయిందంటే ఏం చెప్పాలి? వాళ్ళ తాత గొయ్యి తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టమంటావా?"

నేను కాఫీ కెటిల్ తీసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయాను.

రేలిన్ బయల్దేరే ముందు దాని కారుకి కొత్త చక్రాలు వేశాడు. ఏదో చెప్పబోయి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. చివరికి, "గాలి చూసుకుంటూ ఉండు" అన్నాడు. చెప్పింది అంతే.

ఆకులు రాలే రోజుల్లో ఎస్టిల్ చెల్లెలు వెర్డీ పోయింది. తల్లి పనిలోంచి వచ్చేదాకా రేలిన్‌కి రోజూ ఇంత పెట్టి కనిపెట్టుకున్న మనిషి. పిల్ల కార్బిన్‌కి ఫోన్ చేసినప్పుడు వాడు నా ఎదురుగానే ఉన్నాడు. ఖననం రోజునే పరీక్షట. బట్టలు సర్దుకున్నాను, వచ్చేస్తున్నాను అందట. వాడు కాఫీ కప్పు దూరంగా జరిపాడు.

"రేలిన్, నేను చదువు పూర్తి చెయ్యలేదు. పరీక్ష రోజున మీ తాతకి గొయ్యి తవ్వుతున్నాను. ఎవరినీ అడగలేదు. నువ్వు అడుగు."

అవతల అది ఏమందో నాకు వినిపించలేదు.

"మీ తాత తప్పు కాదు. ఇప్పుడైనా తవ్వుతాను. అడగకపోవడం ఒక్కటే నా తప్పు" అన్నాడు.

అది వెళ్ళి అడిగింది. పరీక్ష పెట్టే పంతులమ్మ ఎంతో జాలిపడిందట. జాలిపడి, తాత చెల్లెలికి నిబంధన ఒప్పుకోదందట. మళ్ళీ ఫోన్ వచ్చింది, ఏం చెయ్యమంటావని. వాడు కిటికీలోంచి ఆ బోర్డు వంక చూశాడు.

"ఉండిపో. పరీక్ష రాయి" అన్నాడు.

ఖననానికి పిల్ల లేదు. వెర్డీ చేతి అన్నం తిన్నది చివరి చూపుకి రాలేదని వెనక నుంచి గుసగుసలు మొదలయ్యాయి. మీలో ఎవరు వెర్డీకి నిరుడు చలికాలంలో కట్టెలు కొట్టిచ్చారో చెప్పమన్నాను. నోళ్ళు మూతబడ్డాయి. కార్బిన్ మాత్రం ఆ మాటలన్నీ తననే అన్నట్టు తల వంచుకుని తవ్వాడు. పెట్టె దించాక అందరూ మట్టి తోశారు. ఇంకా కొంత ఉండగానే వాడు ఆపించి, మిగిలిన కుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పాడు. గొయ్యి సగంలో వదలడం మాకు లేదు. మతి పోయిందా అని తిట్టాను.

"అది రేలిన్ వాటా" అన్నాడు.

ఆదివారం పొద్దున్న రేలిన్ వచ్చింది. ఆడవాళ్ళు పార పట్టడం కూడా మాకు లేదు. నేను అక్కడే నిలబడ్డాను కనుక ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల ఏడుస్తూనే ఆ మట్టంతా తోసింది. కార్బిన్ శ్మశానం కంచె దాటి లోపలికి రాలేదు.

"బోర్డు మీద మొహం చూపించి పంపిందీ నేనే, వెర్డీ పోతే రానివ్వనిదీ నేనే" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

రెండోది తప్పు కాదురా అన్నాను. వాడు విన్నట్టు లేదు.

రేలిన్ కంచె దగ్గరికి వచ్చి పార వాడి చేతికిచ్చింది.

"తాతకి తవ్విన రోజు నేల బాగా గట్టిగా ఉందా అన్నయ్యా?"

"గట్టిగానే ఉంది."

రేపు పొద్దున్నే క్లాసుంది, వెళ్ళాలంది రేలిన్.

"చక్రాల్లో గాలి చూసుకున్నావా?"

"లేదు."

వాడు కారు పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క చక్రమే చూడసాగాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా చాలాసేపటిదాకా లేవలేదు.