సున్నం కింది దూడ

మా అత్తగారి ఊరు మామిడికుదురు దగ్గర. అక్కడి వేణుగోపాలస్వామి గుడి ఎప్పటిదో, ఇటుకలతో కట్టింది. స్వామి కల్యాణానికి ముందు, ఆ ఏడాది ఊళ్ళోకి కాపురానికొచ్చిన కొత్త కోడళ్ళు గుడి గోడలకు సున్నం వేయాలి. తొంభై ఆరు తుఫాను మరుసటి ఏడాది ఆ వంతు నాకు వచ్చింది.

మా పుట్టింట్లో పాత సున్నం గీకకుండా కొత్తది వేసేవాళ్ళం కాదు. ఆ పనితనం చూపించుకుందామని ఒకరోజు ముందే అట్లకాడ పట్టుకుని వెళ్ళాను. గోడమీది బుడిపెలన్నీ సున్నం గడ్డలే అనుకున్నాను. ఒకటి మొండికేస్తే గట్టిగా పొడిచాను. ఊడి ఒళ్ళో పడింది. చూస్తే కాల్చిన మట్టితో చేసిన చెవి. గోడమీద ఎర్రటి దూడ ముఖం, దాన్ని నాకుతున్న ఆవు. ఎంత ముద్దుగా ఉందో! కానీ గుడిలో బొమ్మ విరగ్గొట్టిన కోడలని పేరొస్తే ఇక ఆ ఊళ్ళో తలెత్తుకోగలనా?

అంతలో ధర్మకర్తగారు రానే వచ్చారు. వెనకే సున్నం బకెట్‌తో మా అత్తగారు.

"ఎవరండీ గోడ గీకింది?" అన్నారాయన.

అప్పటిదాకా నన్ను ఒక్క మాట మెచ్చుకోని మా అత్తగారు బకెట్ కింద పెట్టి, "నేనే గీకమన్నానండి. తప్పు నాదేనండి" అన్నారు.

ఆయన దూడను చూస్తూ కోపం మరిచిపోయారు. ఆ ఏడాది సున్నం మానిపించి, పాతదంతా మెల్లగా తీయించాలన్నారు.

దారిలో అడిగాను, "ఎందుకలా చెప్పేరు అత్తయ్యగారూ?"

"నేనొచ్చిన ఏడాది నా చేతిలోనూ ఓ బొమ్మ చెయ్యి ఊడిందమ్మా. మా అత్తగారికి భయపడి సున్నంతో కప్పేసేను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

ఆ రోజు ఆవిడ నన్ను కాచిన తీరుకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మరుసటి ఏడాదికి తడి కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది గోడమీది బొమ్మలన్నీ బయటపెట్టాం. ఆవులు, చిలకలు, గోపికలు. ఒక గోపికకు మోచేతి కింద ఏమీ లేదు. అతికిద్దామంటే కాల్చిన మట్టికి పచ్చి మట్టి అంటదన్నాడు కుమ్మరి.

"ఇదెవరి పనండీ?" అన్నారు ధర్మకర్తగారు. పక్కన మా అత్తగారి ముఖం పాలిపోయింది.

"నేనేనండి. నిరుడు అట్లకాడ తగిలిందండి" అన్నాను.

ఆయన నన్ను నాలుగు మాటలన్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.