పొద్దున బిగుసుకునే నడుము

పెళ్లయిన కొత్తలో మొదలైంది. తెల్లవారి లేవబోతే నడుము చెక్కలా బిగుసుకుపోయేది. గోడ పట్టుకుని నిలబడేదాన్ని. నీళ్లు మోసి, మగ్గం దగ్గర చెయ్యి ఆడేసరికి కాస్త సడలేది. మా అత్తకు అదే అనుమానం.

"పొద్దుగాల మూలుగుడు, పొద్దెక్కినంక కులాసా. గిదేం రోగమే? వాకిలి ఊడ్చేటప్పుడే వస్తదా?"

గద్వాలలో నేసేవాళ్లకు నడుము నొప్పి కొత్త కాదు. అందరూ కాళ్లు దింపి కూర్చునే మగ్గం గుంటనే తిట్టి, పడుకోమన్నారు. పడుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుంది.

ఏళ్లు గడిచి, మెడ తిరగడం కూడా కష్టమయ్యాక పెద్ద దవాఖానకు పోయాం. వెన్నెముక కీళ్లలో వాపు అని డాక్టరమ్మ చెప్పింది. పని వల్ల వచ్చింది కాదట. వదిలేస్తే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయట. రోగం పేరు పొడుగ్గా ఉంటుంది. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. మాత్రలు రాసి, రోజూ వ్యాయామం చేయమంది. ఒకేచోట కూర్చోవద్దు, మధ్యమధ్య లేచి నడవమంది.

మా చీరకు నడిమి భాగం నూలు, అంచు పట్టు. రెండూ కలిపి నేయడానికి ఇద్దరం కావాలి. మా ఆయన నడుమ, నేను అంచు పక్కన. అత్త పోరినా, నొప్పి పెట్టినా ఆ చోటు నేను వదల్లేదు. ఇప్పుడు నేను లేస్తే ఆయన చేతులూ ఆగుతాయి. ఆగి మళ్లీ మొదలుపెట్టిన చోట బిగువు మారి బట్టలో సన్నని గీత పడుతుంది.

"మళ్ల లేస్తున్నవా?"

"డాక్టరమ్మ చెప్పింది కద."

"అయితే ఆమెనే పిలువు, అంచు నేస్తది."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నేయించే షావుకారు చీరను వెలుతురుకు పట్టి, గీతల మీద వేలు పెట్టి చూపించాక ఆయన నవ్వలేదు. మరునాడంతా నేను మగ్గం దగ్గర నుంచి లేవలేదు. గీత పడలేదు.

ఆ మరుసటి పొద్దున చాప మీద నుంచి లేవలేకపోయాను. ఆయనే చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టాడు.

"ఇయ్యాల గుంటల దిగకు."

"మరి చీర?"

ఆయన మగ్గం వైపు పోయాడు. నేను వాకిట్లో అటూ ఇటూ నడుస్తుంటే గడప దగ్గరికి వచ్చాడు.

"జర తమ్ముని పెండ్లాన్ని పిలుస్త. నీకు మంచిగయ్యేదాంక."

నా తోటికోడలి చెయ్యి నాకంటే చురుకు. అది ఇద్దరికీ తెలుసు. ఈ రోగం పూర్తిగా పోయేది కాదని కూడా తెలుసు.

"పిలువు" అన్నాను.