అట్ట వెనక నా పేరు, ఎవరివో మాటలు

ఈ పోస్టు ఇవాళ రాయక తప్పదు. పోయిన ఆదివారం హనుమకొండలో పుస్తకాల దుకాణానికి వెళ్తే, ఒక పాత పిల్లల నవల కొత్త ముద్రణ కనిపించింది. వెనక అట్ట మీద నా పేరుంది. కింద 'తొమ్మిదో తరగతి, తొర్రూరు' అని కూడా వేశారు. పైన అచ్చేసిన మాటలు మాత్రం నావి కావు. వచ్చే పదో తారీఖున జనగామలో ఆ పుస్తకానికి సభ ఉందట. ఈలోపల నేను నోరు విప్పకపోతే ఆ అబద్ధం నాదే అయిపోతుంది.

మా చిన్నప్పుడు... తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బడి లేదు, బస్సులు లేవు. రోడ్డు నడిమధ్యలో టెంటు వేసి, మూడు రాళ్లు పెట్టి, పొయ్యి వెలిగించి, అక్కడే వండుకుని అక్కడే తినేవాళ్లం. వంటావార్పు అనేవాళ్లు. పెద్దవాళ్లకు అది పోరాటం... మాకు మాత్రం పండగ.

బడి మూసే ముందు రోజు మా తెలుగు సారు నాకొక నవల ఇచ్చారు. మాయలు, మంత్రాలు, రెక్కల గుర్రాలు ఉన్న కథ. దాని పేరు రాయను, ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది. "చదివి నీ అభిప్రాయం రాయి. అచ్చేసినవాళ్లు పోటీ పెట్టిన్రు" అన్నారు సారు.

పాఠాలు లేని పుస్తకం మా ఇంట్లోకి రావడం అదే మొదలు. నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మ పత్తి ఏరడానికి పోయేది. ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే.

కథ ఏమిటంటే... నది అవతల అడవిలో రాక్షసులుంటారు. వాళ్ల కొండ మీద ఒక మణి ఉంటుంది. అది ఉన్నచోట వాగులు ఎండవు. నది ఇవతల నుంచి ఒక రాకుమారుడు గుర్రమెక్కి వచ్చి, రాక్షసులను చంపి, మణిని తన రాజ్యానికి పట్టుకుపోతాడు. జనం పూలు చల్లుతారు. అంతే, కథ అయిపోయింది.

రోడ్డు మీద అన్నం ఉడుకుతుంటే ఆ కథంతా నస్రీన్‌కు చదివి వినిపించాను. నస్రీన్ మా పక్కింటి దర్జీ కూతురు, నా క్లాసే.

"జర ఆగే," అంది. "గా మణి ముందుగాల ఎవలదే?"

"రాక్షసులదే."

"మరి గీడు దొంగోడు గదనే! గుర్రమెక్కి వస్తే దొంగ కాకుంట పోతడా?"

పప్పు కలుపుతున్న అమ్మ గంటె ఆపింది. "గా రాక్షసులను మన టెంటు కాడికి రమ్మను బిడ్డా... పాపం, ఎప్పుడు తిన్నరో ఏమో."

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఒక పుస్తకం మీద కోపం రావడం నాకు అదే మొదటిసారి.

ఆ కోపంలోనే రాశాను. ఒక్క ముక్క కూడా మరచిపోలేదు. 'ఈ రాకుమారుడు నాకు నచ్చలేదు. మణి రాక్షసులది. అడగకుండా ఎత్తుకుపోయినవాణ్ణి వీరుడంటే నేను ఒప్పుకోను. ఆ తర్వాత రాక్షసుల పిల్లలు నీళ్లెక్కడ తాగారో రచయిత ఎందుకు రాయలేదు?'

బడి తెరిచాక సారు దాన్ని క్లాసులో గట్టిగా చదివారు. "రాక్షసులకు వకీలు దొరికింది రా!" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు... ఆ రోజు నుంచి నా పేరు రాక్షసి.

అలా అన్నది ఎవరో కాదు, ఊరేగింపులో జెండా పట్టుకుని మా ముందు నడిచిన సారే. మా నీళ్లు మాకే కావాలని మా గొంతులు పోయేదాకా అరిపించిన సారే.

"సరే, జర దిద్ది పంపుత తియ్," అన్నారు చివరికి.

కొన్నాళ్లకు నాకు షీల్డు వచ్చింది. 'ఉత్తమ అభిప్రాయం' అని బంగారు రంగు అక్షరాలు. నన్ను రాక్షసి అన్న ప్రతివాడి బెంచీ ముందుకు దాన్ని పట్టుకుని పోయాం, నేనూ నస్రీనూ. అబ్బ... ఆ రోజు ఎంత హాయిగా ఉందో!

నాయిన దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా, "ఏం రాసిండ్రో చదువు బిడ్డా" అనేవాడు. "నా బిడ్డ చెప్పిన మాటకు హైదరాబాదోళ్లు ఇనాం ఇచ్చిన్రు" అని యార్డంతా చెప్పుకున్నాడు. ఇన్నేళ్లూ నేనూ అలాగే అనుకున్నాను.

అట్ట మీద ఇప్పుడేముందో తెలుసా? 'రాకుమారుని సాహసం నన్ను ముగ్ధురాలిని చేసింది. దుష్టశిక్షణ జరిగిన తీరు అత్యద్భుతం.'

ముగ్ధురాలు! తొమ్మిదో తరగతిలో నాకు ఆ మాటకు అర్థమే తెలియదు.

ఆ సాయంత్రమే తొర్రూరు బస్సెక్కాను. నాయినకు అట్ట మీది మాటలు చదివి వినిపించాను.

"మల్లొక్కసారి చదువు," అన్నాడు. చదివాను.

"గిది నీ మాట కాదు బిడ్డా. నువ్వెన్నడన్న గిట్ల మాట్లాడినవా?"

లేచి వెళ్లి షీల్డు తనే దించాడు. గోడ మీద దాని జాగా తెల్లగా మిగిలింది. దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టి, "ఎవలిదో వాళ్లకే ఇచ్చెయ్" అన్నాడు.

సారూ, మీరు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు. మొన్న ఆ అట్ట ఫోటో పెట్టి 'నా శిష్యురాలి మాటలు' అని రాసుకున్నారు. వందనాలు అందుకున్నారు. జనగామ సభలో మీకు సన్మానం కూడా ఉందట. మీ క్షమాపణ నాకు వద్దు. ఆ అట్ట మీద నేను రాసిన మాటలైనా వేయించండి, నా పేరైనా తీయించండి. ఏం దిద్దారో మీ నోటితో మీరే చెప్పండి. చెప్పకపోతే పదో తారీఖున జనగామ సభలో ముందు వరుసలో నేనూ నస్రీనూ ఉంటాం. షీల్డు నా సంచిలో ఉంటుంది. మీకు శాలువా కప్పగానే లేచి వచ్చి, మైకు ముందే దాన్ని మీ చేతిలో పెడతాను.

మేం పొయ్యి పెట్టిన చోట ఇప్పుడు డివైడరుంది. దాని మీద పూల మొక్కలున్నాయి... రాష్ట్రం వచ్చింది. నా నాలుగు మాటలే ఇంకా నా చేతికి రాలేదు.

చిన్నప్పుడు మీ మాటను కూడా ఎవరైనా 'దిద్ది' ఉంటే కింద రాయండి. అప్పుడు అన్నది అన్నట్టే రాయండి.

సారూ, మీరు మాత్రం ఎనిమిదో తారీఖు లోపల రాయాలి. ఇక్కడే, అందరూ చూసేటట్టు.