ఖాళీ లేని పెట్టె

మా మరదలు విశ్వాసమ్మ ఒకసారి కువైట్ పోయే మనిషికి వంటిల్లు మొత్తం ఒక్క పెట్టెలో సర్ది పంపింది. రోలు, బిందె, మూడు కోళ్ళు, అన్నీ పట్టాయి. మూత మీద కూర్చుని అదమవలసిన అవసరం కూడా రాలేదు.

కోళ్ళ దగ్గర కొంచెం తగ్గాలి. అవి ప్రాణంతో లేవు, వేపుడై ఉన్నాయి. రోలు కూడా యాలకులు నలగ్గొట్టుకునే పిల్ల రోలు. బిందె మాత్రం నిజం, నాకు గుర్తున్నంత వరకు.

వేంపల్లెలో కువైట్ బయలుదేరేవాళ్ళు చాలామంది పెట్టె తెచ్చి ముందు విశ్వాసమ్మ వసారాలో దించుతారు. ఆమె చీరలు మడతపెట్టదు, చాపల్లాగా బిగించి చుడుతుంది. బరువైనవి చక్రాల వైపు. ఊరగాయ సీసా లుంగీలో చుట్టి నట్టనడుమ. బూట్ల కడుపులో మేజోళ్ళు, చెంబులో గ్లాసు, గ్లాసులో పొడి పొట్లం. చివరికి దూలానికి వేలాడే కొక్కెం త్రాసుకు పెట్టెను తగిలిస్తే, ముల్లు విమానం వాళ్ళు చెప్పిన బరువు దగ్గరే ఆగుతుంది.

అదంతా తెలివి అని జనం అనుకుంటారు. తెలివి కాదు, అనుమానం. "పెట్టెలో ఖాళీ ఉంచితే దొంగకు పీట వేసినట్టే బావా," అంటుంది. "మనం నింపకుంటే ఇంకోడు నింపుతాడు." ఆమెకు విశ్వాసమ్మ అని పేరు పెట్టిన పాస్టరుగారు కొంచెం తొందరపడ్డారు. చర్చిలో కానుకల సంచి తిరిగేటప్పుడు కూడా పక్కవాళ్ళ చెయ్యి లోపలికి పోయిందా, బయటికి వచ్చిందా అని చూసే మనిషి.

పోయిన ఎండాకాలంలో ఆమె మేనకోడలు క్రిస్టినాకు కువైట్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఉద్యోగం. ఎవరిదో పొట్లం మోసుకుపోయి విమానాశ్రయంలో దొరికి, జైలు పాలైనవాళ్ళ కథలు మా వైపు బాగా తిరుగుతుంటాయి. అందుకని పెట్టె తానే సర్ది, విశ్వాసమ్మ దానికి కాపలా కూర్చుంది. నేను వేపుడు రుచి చూసే నెపంతో ఆమె పక్కన కూర్చున్నాను. విమానం ఎక్కడానికి సాయంత్రం మద్రాసు బస్సు.

మధ్యాహ్నం వెనక వీధి రంగన్న వచ్చాడు. చాలా ఏళ్ళు కువైట్‌లో డ్రైవరు పని చేసి వచ్చినవాడు. చేతిలో గుడ్డతో చుట్టూ కుట్టేసిన మూట.

"పాపా, ఇది మా అల్లుడికి. ఆయప్ప చేతికే ఇయ్యి. ఇంకెవురికీ ఇయ్యొద్దు."

క్రిస్టినా చెయ్యి చాచేలోగా మూట విశ్వాసమ్మ ఒళ్ళో ఉంది. "ఏముండాది దీంట్లో?"

"ఏమీ లేదులేక్కా."

"ఏమీ లేనిదాన్ని విమానంలో ఎందుకు పంపుతాండావప్పా?"

"మెత్తని వస్తువు. పగలదు, కారదు."

ఆమె దాన్ని నొక్కింది, వాసన చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది. "జంతువా?"

"జంతువు కాదు."

"సచ్చిన జంతువా?"

రంగన్న నా వైపు చూశాడు. నేను వేపుడు వైపు చూశాను. ఈలోగా విశ్వాసమ్మ బ్లేడుతో కుట్టు విప్పేసింది. లోపల నల్లటి జుట్టు, నీటుగా పక్కపాపిడితో. విగ్గు.

"వచ్చే నెల ఇంటికి వస్తాండాడు," అన్నాడు రంగన్న నేల చూస్తూ. "బట్టతల సంగతి మా కూతురికి తెల్దు. ఫోన్లో టోపీ పెట్టుకోని మాట్లాడతాడు. ఎవురికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్న్యాడు."

"పాపిడి బాగుండాది," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

రంగన్న పోలేదు. చాప మీద కూర్చున్నాడు. "నా మూట చూస్తివి గదా. ఇప్పుడు నీ పెట్టె చూపించు."

"నా పెట్టెలో చూసేదేముండాది? అన్నీ నా చేత్తో చేసినవే."

"ఇది మా అల్లునిది. అయినా విప్పితివి."

అతను పెట్టె మూత ఎత్తి, చెంబులోని గ్లాసులోంచి పొట్లం లాగి వాసన చూశాడు. "నాటుకోడి మసాలా. గసగసాలు వేసినావా?"

"వేయకుంటే అది మసాలా ఎట్లైతాది?"

రంగన్న పొట్లాన్ని మెల్లిగా నేల మీద పెట్టాడు. "ఆ దేశంలో గసగసాలు మత్తుమందు కింద లెక్కక్కా. మా రూములో ఉన్నోడు ఒకడు ఇట్లాంటి పొట్లంతోనే దొరికినాడు. మళ్ళా రూముకు రాలేదు."

క్రిస్టినా పెట్టె దగ్గరికి జరిగింది. "ఇట్లాంటివి ఎన్ని పెట్టినావత్తా?"

విశ్వాసమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆగింది. ఖాళీలు ఎన్ని ఉంటే అన్ని పెట్టింది. అవెన్నో ఆమెకే తెలియదు.

పెట్టె బోర్లించారు. బూట్ల ముక్కులోంచి ఒకటి, చెంబు అడుగునుంచి ఒకటి, చీర చుట్టల నడుమ వరుసగా, గొడుగు మడతల్లోంచి ఇంకోటి. ఆ మసాలాతో వేంపల్లెకంతా విందు చేయొచ్చు, పులివెందులకు క్యారియరు పంపొచ్చు. విశ్వాసమ్మ యూనిఫారం చుట్ట మీద చెయ్యి వేయబోతే, క్రిస్టినా ఆ చేతిని పక్కకు తీసింది.

"నువ్వుండత్తా. నేను చూస్తా."

ఆ గొంతు మాకందరికీ తెలిసిందే. పెట్టె తెచ్చిన ప్రతివాళ్ళతోనూ విశ్వాసమ్మ మాట్లాడే గొంతు. అది తన మీదికే వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. వేపుడు డబ్బా కూడా, గసగసాలతో చేసిందేనని, తానే తీసి నా ముందుకు తోసింది. మామూలుగా అయితే నాకు రెండో ముక్క పెట్టదు.

ప్రతి గుడ్డా విదిలించి క్రిస్టినా పెట్టెను మళ్ళీ సర్దుకుంది. మూలన జానెడు ఖాళీ మిగిలింది. విశ్వాసమ్మ ఆ ఖాళీని చాలాసేపు చూసింది. తరువాత విగ్గు తీసుకుని, చెదిరిన పాపిడిని దువ్వెనతో సరిచేసి, గుడ్డలో పెట్టి మళ్ళీ కుట్టింది. పెట్టెలో మాత్రం పెట్టలేదు. మేనకోడలి చేతికిచ్చింది. "పెడితే పెట్టుకో పాపా. నీ ఇష్టం."

క్రిస్టినా పెట్టుకుంది.

ఆ పిల్ల కువైట్‌లో దిగి, పెట్టెతో బయటికి వచ్చి ఫోన్ చేసేదాకా విశ్వాసమ్మ ముద్ద ముట్టలేదు.

ఇదంతా రాసి మొన్న ఆమెకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చివరిదాకా విని, తల ఎత్తకుండానే చెప్పింది.

"అంతా అబద్ధం బావా. మా ఇంట్లో గసగసాలు ఎప్పుడూ లేవు. రంగన్న అల్లునికి పుట్టినప్పటినుంచీ ఒత్తు జుట్టు. ఆ పొద్దు నేను ఈ ఊళ్ళోనే లేను."