దించిన సీటు

ఆ రోజు పొద్దున జగిత్యాలలో మా షాపు ముందు సైకిలు దిగబోయాను. కుడికాలు నేల మీద పెట్టాను కానీ మోకాలు నిటారు కాలేదు. సగం వంగి అట్లాగే ఉండిపోయింది. లోపల ఏదో ఇరుక్కున్నట్టు, గట్టిగా లాగితే తెగుతుందేమో అన్నట్టు ఉంది. పక్కన టీ కొట్టాయన చూసి, "ఏమైంది కాకా, సైకిల్ దిగబుద్ధయితలేదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. హ్యాండిల్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే కాలు దానంతట అదే సర్దుకుంది. షట్టర్ ఎత్తి పనిలో పడ్డాను. ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోతే బాగుండేది.

నేను కుట్టుమిషన్ల మెకానిక్‌ని. పుట్టింది సిరిసిల్లలో, నేత కుటుంబంలో. మా నాయనది చేతిమగ్గం. నాకేమో మగ్గం గుంటలో కూర్చోవడం కంటే ఏదైనా విప్పి బిగించడం ఇష్టం. పదిహేడో ఏట జగిత్యాల వచ్చి మేనమామ దగ్గర మిషన్ల పని నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాను. అప్పటి నుంచి మోకాలు పట్టేసిన అరవై ఆరో ఏడు దాకా నా తిరుగుడంతా సైకిలు మీదే. మోపెడ్ కొనుక్కోమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు. అందుకే ఈ నొప్పి మొదలైనప్పుడు కాలు ఏమైపోతుందో అన్న భయం కంటే, సైకిలు దూరమైపోతుందేమో అన్న భయమే నన్ను ఎక్కువ పట్టుకుంది.

నెల తిరిగేసరికి మెట్లు దిగడం కష్టమైంది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. మా ఆవిడ రాజమణి రోజూ పొద్దున వేడి నూనె రాసేది. మోకాలి చిప్ప కింద వాపు వచ్చాక ఇక దాచలేక ఆర్థో డాక్టర్ దగ్గరికి పోయాను. నిలబెట్టి ఎక్స్-రే తీశారు. యూరిక్ యాసిడ్, ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్షలకని రక్తం తీసుకున్నారు. అవి రెండూ నార్మల్. డాక్టర్ ఎక్స్-రేను లైటుకు పెట్టి చూశాడు.

"అంకుల్, ఆస్టియో ఆర్థరైటిస్. గ్రేడ్ టూ. చిప్ప వెనుక కార్టిలేజ్ అరిగింది. ఏజ్ ఫ్యాక్టర్ అంతే. సైకిల్ బంద్ పెట్టండి."

"ఎన్ని రోజులు సార్?"

ఆయన పెన్ను పక్కన పెట్టి మంచిగానే చెప్పాడు. "ఇగ చాలు గదా అంకుల్. ఇన్నేండ్లు తొక్కిండ్రు."

ఇంటికి వచ్చి చెబితే రాజమణి దేవుడికి దండం పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. "నా కాలు పోతుంటే నీకు సంబురమా?" అన్నాను.

"సంబురమే," అంది. "నీ సైకిల్ గంట ఇనపడేదాక దర్వాజల కూసున్న దినాలు యాది లేవా నీకు? ఇగనన్న నా పాణం నిమ్మలంగుంటది."

ఆమె చెప్పిన దినాలు నాకు యాది లేకపోవడం ఏమిటి?

మాకు అవి అన్నల రోజులు, అంటే నక్సలైట్ల కాలం. అడవి వైపు అన్నలు, రోడ్డు వైపు పోలీసులు. మధ్యలో మాలాంటి వాళ్ళం. సోమవారం వచ్చిందంటే నా రౌండు కొడిమ్యాల వైపు. వెనుక క్యారియర్ మీద రేకు పెట్టె, అందులో పానాలు, సూదులు, బాబిన్లు, నూనె డబ్బా. దారి పొడుగునా ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు దర్జీలు, అందరూ కాలితో తొక్కే మిషన్ల వాళ్ళే. మిషన్ బాగు చేశాక స్టూలు కూడా చూసేవాణ్ణి. స్టూలు పొట్టిదైతే మోకాళ్ళు పోతాయి, పొడుగైతే నడుము పోతుంది, కింద చెక్కముక్క పెట్టుకో అని పేరుపేరునా చెప్పి వచ్చేవాణ్ణి. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత మీరే నన్ను చూసి నవ్వుతారు.

ఆ రోడ్డు అంటే నాకు ప్రాణం. గుట్టల మధ్య ఎక్కుడు వచ్చినప్పుడు నిలబడి తొక్కడం, దిగుడు వచ్చినప్పుడు పెడల్ వదిలేసి చొక్కా నిండా గాలి నింపుకోవడం. సీతాఫలాల కాలంలో హ్యాండిల్‌కు ఒక సంచి వేలాడేది, ఇంటికి చేరేసరికి సగం కాయలు దారిలోనే ఖాళీ. అప్పుడు నా సీటు బాగా ఎత్తుగా ఉండేది. అట్లా తొక్కుతుంటే నాకంటే పొడుగు మనిషి జిల్లాలో లేడనిపించేది.

ఒక సోమవారం మధ్యాహ్నం మల్లేశం అనే దర్జీ మిషన్ బాగు చేసి, ఛాయ్ తాగి, బయలుదేరాను. ఆయన దుకాణం రోడ్డు పక్కనే, ఊరి చివర. మలుపు తిరిగానో లేదో పొదల్లో నుంచి "ఆగు!" అని కేక. బ్రేక్ పట్టాను. కానీ సీటు ఎత్తు, కాళ్ళు నేలకు అందవు. తూలుకుంటూ ఒక పది గజాలు ముందుకు పోయాను. వాళ్ళకు అది పారిపోవడంలాగా కనపడింది. కింద పడేసరికి వీపు మీద తుపాకి గొట్టం ఆనింది. మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు. రేకు పెట్టె బోర్లించారు. బాబిన్లు రోడ్డంతా దొర్లాయి.

"ఏందిరా గివన్ని? గిటితోని ఏం తయారు చేస్తున్నవ్, బాంబులా?"

అప్పుడు మెడలో టేపు వేలాడుతుండగానే మల్లేశం పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి, "సార్, మిషన్ల మేస్త్రి సార్! నా మిషన్ బాగు చేసి పోతున్నడు. నన్ను కొట్టుండ్రి, గాయినను ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు. ఆయన్నీ రెండు కొట్టారు, నన్నూ కొట్టి వదిలేశారు. వదిలేముందు వాళ్ళ సారు ఒక మాట అన్నాడు: "ఆగుమంటే ఆన్నే ఆగాలె. ఇంకోసారి అడుగు ముంగటికి వడ్డదో, ఇగ అంతే."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే పానా తీసుకుని సీటును అడుగుదాకా దించేశాను. కూర్చుంటే రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనాలి. ఆ దారిలో తిరిగే టీచర్లు, పాలవాళ్ళు, కల్లు తెచ్చే గౌడన్నలు, చాలామందిమి ఆ రోజుల్లో అట్లాగే సీట్లు దించుకున్నాం. ఎవరూ చెప్పలేదు, ఒకరిని చూసి ఒకరం చేశాం. ఒకసారి అన్నలు కూడా ఆపారు. వాళ్ళూ "ఆగు" అనే అన్నారు. ఈసారి అన్నచోటనే ఆగాను. ఎవరింటికి పోతున్నావు, పోలీసులకు ఏమైనా చెప్పావా అని అడిగి పంపేశారు. సీటు దించి మంచి పని చేశానని నాలో నేనే మెచ్చుకున్నాను.

డాక్టర్ మాట విని సైకిలు ఆపాక నాకు బాగవుతుందనుకున్నాను. బాగు కాలేదు. నొప్పి మాత్రలతో కడుపులో మంట పట్టుకుంది, మళ్ళీ పోతే మాత్రలు మార్చారు. మోకాల్లో నీరు చేరితే సిరంజితో తీసి ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు వారాలు హాయిగా ఉంది, నాలుగో వారం మళ్ళీ మొదటికొచ్చింది. షాపు మానేసి మంచానికి అతుక్కుపోయాను. మనుషుల మీద విసుగు ఎక్కువైంది. స్నానం చేస్తూ చూసుకుంటే కుడి తొడ ఎడమ దానికంటే సన్నబడి ఉంది. ఒకరోజు గడప దాటుతుంటే ఆ కాలు మడతపడి పడిపోయాను. దెబ్బ పెద్దది కాదు. రాజమణి లేపుతుంటే మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ వారమే పాత ఇనుము వాడొస్తే సైకిలు తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోనివ్వకుండా అడ్డం నిలబడ్డది రాజమణే.

"నాకు గా సైకిల్ అంటే బుగులే," అంది. "కని నువ్వు గిట్ల కూసుంటే ఇంకా బుగులైతంది."

కోరుట్లలో ఉండే మా బిడ్డ స్రవంతి వచ్చి నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. అక్కడ ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, మోకాలు వంచి చూసి, చాపి చూసి, తొడ కొలిచింది. "బాపు, కార్టిలేజ్ అరిగింది నిజమే గని, నడవరాకుండ అయ్యేటంత కాదు. క్వాడ్రిసెప్స్, అంటే తొడ కండరాలు, వీక్ అయినయ్. గందుకే పడుతున్నరు," అంది. తువాలు మడత పెట్టి మోకాలి కింద పెట్టుకుని అదమడం, కాలు నిటారుగా ఎత్తి పది లెక్కపెట్టడం నేర్పింది. చివరికి ధైర్యం చేసి సైకిలు సంగతి అడిగాను. ఈమె కూడా బంద్ అంటే ఇక ఎవరినీ అడగదలచుకోలేదు.

"సైకిల్ తోని మోకాలుకు మంచిదే. కని మీరు ఎట్ల తొక్కుతరో నేను చూడాలె. సైకిల్ తెప్పియ్యండ్రి."

స్రవంతి ట్రాలీ ఆటోలో తెప్పించింది. క్లినిక్ ముందు ఎక్కి కూర్చున్నాను. పెడల్ పైకి వచ్చేసరికి మోకాలు దాదాపు ఛాతీకి తగిలింది. ఆ అమ్మాయి నోరు తెరిచింది.

"గింత కిందికా? గిట్ల తొక్కితే చిప్ప మీద ఎంత బరువు పడ్తదో ఎరికేనా? సీటు ఎందుకు దించిండ్రు బాపు?"

"ఆగుమంటే ఆగాలె గదమ్మా," అన్నాను.

"ఎవరు ఆగుమంటరు?"

అటూ ఇటూ చూశాను. ఎదురుగా కోరుట్ల బజారు, షేర్ ఆటోలు, కూరగాయల బండ్లు. నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ లేక ఎన్నేళ్ళయిందో! దారి పొడుగునా దర్జీలందరికీ స్టూలు ఎత్తు చెప్పిన మేస్త్రిని, నా సీటు వైపు నేను ఒక్కసారీ చూసుకోలేదు. భయం ఎప్పుడో పోయింది, దాని కోసం చేసిన పని మాత్రం అట్లాగే ఉండిపోయింది. సిగ్గుతో తల వంచుకున్నాను.

పక్క వీధిలో షబ్బీర్ భాయ్ సైకిల్ షాపు. సీటు గొట్టం తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. "ఏం భాయ్, గిది కొన్నప్పటి సంది విప్పలేదా?" అంటూ కిరోసిన్ పోసి నానబెట్టాడు. మరునాడు సుత్తితో తట్టి, తిప్పి తిప్పి పైకి లాగాడు. ఇన్నేళ్ళు లోపల దాగిన గొట్టం ముక్క తుడిస్తే అక్కడక్కడ తెల్లగా మెరిసింది. నేను సీటు ఎత్తుగా పెట్టి తొక్కిన వయసు నాకు కళ్ళ ముందు కనపడింది.

ఒకేసారి పెంచలేదు. వారానికి వేలి మందం చొప్పున పెంచాం. మొదట కాళ్ళు నేలకు అందకపోతే పాత భయం లేచేది, మోకాలి కంటే అది తగ్గడానికే ఎక్కువ సమయం పట్టింది. మూడో వారం ఉత్సాహం ఎక్కువై రెండు వేళ్ళ మందం పెంచితే తుంటి నొప్పి వచ్చి మళ్ళీ వెనక్కి పోయాను. ఆ అమ్మాయి చేత తిట్లు తిన్నాను. ఐదు నెలలకు మెట్లు గోడ పట్టుకోకుండా దిగాను.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. నొప్పి పూర్తిగా పోలేదు, వాన పట్టిన రోజుల్లో చిప్ప సలుపుతుంది. కాలి వ్యాయామం ఒక్కరోజు కూడా మానను. వారానికి నాలుగు పొద్దులు సైకిలు తొక్కుతాను. ఎక్కుడు వస్తే దిగి నడిపించుకుంటూ పోతాను, అందులో నామోషీ ఏమీ లేదు. నా ఈడు వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మోకాలి నొప్పని సైకిలు అమ్మేసే ముందు డాక్టర్‌కు మోకాలు చూపించండి, తరువాత సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. ఆగినప్పుడు సీటు మీది నుంచి ముందుకు జరిగి దిగాలి. అంతే.

మొన్న చలికాలంలో పొద్దెక్కాక, సైకిలును బస్సు మీద వేయించుకుని కొడిమ్యాల రోడ్డులో దిగి, నా పాత దారిలో తొక్కుకుంటూ పోయాను. మలుపు దగ్గర వెనుక నుంచి కేక.

"ఆగు!"

బ్రేక్ పట్టాను. కాళ్ళు నేలకు అందలేదు. సైకిలు పది గజాలు ముందుకు పోయింది. అక్కడ ముందుకు జరిగి, తీరిగ్గా దిగి, వెనక్కి తిరిగాను. మల్లేశం. జుట్టంతా తెల్లబడింది, మెడలో టేపు మాత్రం అదే.

"ఏందే మేస్త్రీ, ఆగుమంటే గంత దూరం పోతివి?"

"సీటు ఎత్తు పెంచిన మల్లేశం."

ఆయన నా సీటు వంక చూశాడు. తరువాత దుకాణం గోడకు ఆనించి ఉన్న తన సైకిలు వంక చూశాడు. దాని సీటు అడుగుదాకా దించే ఉంది.

"పానా ఉన్నదా నీ దగ్గర?" అన్నాడు.